డిజాస్టర్ ఎవరి గ్రహపాటు?



శుక్రవారం మొదటి ఆట చూసి బయటికొచ్చిన కుర్రాణ్ణి సినిమా ఎలా ఉందని అడగండి. బాగోకపోతే ఫ్లాప్ అంటాడు. మరీ బాగోకపోతే డిజాస్టర్ అంటాడు. ఇంగ్లీషు బడి మొహం చూడనివాళ్ళు కూడా ఈ మాటను తెలుగు మాటలాగే వాడేస్తున్నారు. అదే మాట అక్టోబరు, నవంబరు నెలల్లో మరో గొంతుతో వినిపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, టీవీలో, ఆఫీసు కాగితాల్లో, వీధుల్లో తిరిగే ఆటో మైకుల్లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ అంటారు. డబ్బు పోయిన నిర్మాతకూ ఇల్లు పోయిన జాలరికీ ఒకటే మాట. అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, గోదారి ఒడ్డున యానాంలో, మెట్టకూరులో ఉండే మనకు దానితో ఏం పని? ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

డిజాస్టర్ అనే మాటను విప్పి చూస్తే లోపల ఒక నక్షత్రం ఉంటుంది. గ్రీకులో ఆస్ట్రాన్ అంటే నక్షత్రం. లాటిన్‌లో ఆస్ట్రమ్. ఖగోళ శాస్త్రాన్ని ఆస్ట్రానమీ అనడం, జ్యోతిషాన్ని ఆస్ట్రాలజీ అనడం అందుకే. ఇటలీవాళ్ళు ఆ నక్షత్రం ముందు చెడును తెలిపే డిస్ చేర్చి డిజాస్ట్రో అన్నారు. నక్షత్రం బాగోలేక జరిగింది అని అర్థం. ఫ్రెంచివాళ్ళు దాన్ని తీసుకుని దెజాస్త్ర్ అన్నారు. 16వ శతాబ్దం చివరికి ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి చేరింది. జలుబు జ్వరానికి పెట్టిన ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు కూడా ఇటలీ నుంచి వచ్చిందే. ఆ రోగం నక్షత్రాల ప్రభావం వల్ల వస్తుందని వాళ్ళ నమ్మకం.

ఇందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు. మన నోట గ్రహపాటు ఉంది, గ్రహచారం ఉంది, ఏలిననాటి శని ఉంది. గ్రహపాటున చెయ్యి జారింది అంటాం. అలా అనగానే చెయ్యి జార్చినవాడు పక్కకు తప్పుకుంటాడు, ఎక్కడో ఉన్న గ్రహం వచ్చి బోనులో నిలబడుతుంది. ఇటలీలోనూ ఆంధ్రదేశంలోనూ మనిషి చేసిన పని ఒకటే. కష్టం వచ్చినప్పుడు తల పైకెత్తి ఆకాశం వంక చూశాడు.

అయితే ఆ మాట ఇంగ్లీషులో కుదురుకుంటున్న రోజుల్లోనే దాన్ని ఎద్దేవా చేసినవాళ్ళూ ఉన్నారు. షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్ నాటకంలో ఎడ్మండ్ అనే పాత్ర ఉంది. మంచివాడేం కాదు, తండ్రినీ అన్ననూ మోసం చేసేవాడు. కానీ ఒక్క చోట మాత్రం సూటిగా మాట్లాడతాడు. మన నిర్వాకం వల్ల కష్టాలు కొనితెచ్చుకుని, ఆ నేరం సూర్యుడి మీదా చంద్రుడి మీదా నక్షత్రాల మీదా వెయ్యడం ఎంత తెలివితక్కువ పనో వెక్కిరిస్తూ చెబుతాడు. ఆ కష్టాలకు అతను వాడిన మాట డిజాస్టర్లే. 17వ శతాబ్దం మొదట్లోనే ఆ మాటకు ఇలా చురక పడింది.

తర్వాత నూటయాభై ఏళ్ళకు ఇదే పెద్ద వాదమైంది. 1755 నవంబరు 1వ తేదీ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ రోజు క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. జనం చర్చిల్లో ఉన్నారు, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ముందు నేల కదిలింది, తర్వాత సముద్రం ఊళ్ళోకి వచ్చింది, ఆ తర్వాత మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ దాని మీద ఒక దీర్ఘ కవిత రాశాడు. దాని పేరులోనే దెజాస్త్ర్ అనే మాట ఉంది. లోకంలో అంతా మంచికే జరుగుతుందని చెప్పే పండితుల్ని, ఈ శిథిలాల దగ్గరికొచ్చి ఆ మాట అనమని నిలదీశాడు. ఆ కవిత చదివిన రూసో 1756 ఆగస్టులో వోల్టేర్‌కు ఉత్తరం రాశాడు. ఆరేసి, ఏడేసి అంతస్తుల ఇళ్ళు ఇరవై వేలు తెచ్చి అక్కడ పేర్చింది ప్రకృతి కాదు కదా అన్నాడు. జనం విడివిడిగా, చిన్న ఇళ్ళలో ఉంటే నష్టం చాలా తగ్గేదన్నాడు. మొదటి కుదుపుకే బయటికి పరుగెత్తకుండా సామాన్ల కోసం లోపలికి వెళ్ళి ఎందరు చనిపోయారో లెక్కేసుకోమన్నాడు. నేల కదలడం మన చేతిలో లేదు, ఇళ్ళు ఎక్కడ ఎలా కట్టుకుంటామన్నది మన చేతిలోనే ఉంది. రూసో చెప్పిన సారాంశం ఇది. నక్షత్రం మీద ఉన్న నేరాన్ని కిందికి దించి, మనిషి ముందు పెట్టిన ఉత్తరం అది.

ఆ ఉత్తరం నాటికి యానాంలో ఫ్రెంచి వర్తక స్థావరం ఉంది. 1723లో మొదలుపెట్టి, కొన్నాళ్ళు మూసేసి, 1731లో మళ్ళీ తెరిచారు. పారిస్ పండితుల వాదం ఇక్కడిదాకా వచ్చిందో లేదో గానీ, ఆ వాదానికి కారణమైన కష్టం మాత్రం నడిచి వచ్చింది. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన ఏడే, అంటే 1789 డిసెంబరులో, మన పక్కనున్న కోరంగి మీద సముద్రం విరుచుకుపడింది. కోరంగి అప్పట్లో పేరున్న రేవు, ఓడలు కట్టే చోటు. దశాబ్దాల తర్వాత ఈ తీరానికి వచ్చిన ఫ్రెంచి నౌకాధికారి లాప్లాస్ ఆ సంగతి తన యాత్రా గ్రంథంలో రాశాడు. పోటు మీదున్న సమయంలో గాలి నీళ్ళను అఖాతంలోకి తోసిందట. ఒకదాని వెనక ఒకటి మూడు అలలు వచ్చాయట. మొదటిది ఊళ్ళోకి వచ్చింది, రెండోది పల్లపు భూములన్నీ ముంచింది, మూడోది ఏమీ మిగల్చలేదు. 20,000 మంది పోయారని ఆయన రాశాడు. నది మొగలో లంగరు వేసి ఉన్న ఓడలు కొట్టుకొచ్చి యానాం చుట్టుపక్కల పొలాల్లో పడ్డాయట. మనం నాట్లు వేసుకునే నేల మీద ఓడలు పడి ఉండేవన్న మాట.

లాప్లాస్ రాసిన ఈ వర్ణనను తన పుస్తకంలో చేర్చినవాడు హెన్రీ పిడింగ్‌టన్. ఓడ కెప్టెనుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన ఇంగ్లీషువాడు. తుపానులో చిక్కిన ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడ మీద గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పక్కపక్కన పెట్టి చూసేవాడు. 1839 నవంబరులో కోరంగిని మళ్ళీ ముంచిన తుపాను మీద కూడా అలాగే పరిశోధన వ్యాసం రాశాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఈ తిరుగుడు గాలులకు ఒక కొత్త పేరు పెట్టాడు. అదే సైక్లోన్. గ్రీకులో పాము చుట్టను తెలిపే మాట నుంచి తీసుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట తయారవడంలో మన కోరంగి కష్టానికీ కొంత భాగముంది.

రెండు మాటల తేడా గమనించండి. సైక్లోన్ అనే మాట ఎవరినీ నిందించదు. గాలి చుట్ట చుట్టుకుని తిరుగుతుందని చెప్పి ఊరుకుంటుంది. ఊరుకుంటుంది గనకే నావికుడికి పనికొచ్చింది. గాలి తిరిగే తీరు తెలిస్తే ఓడను ఎటు తిప్పాలో తెలుస్తుంది. నక్షత్రం బాగోలేదని తెలిస్తే ఏం చెయ్యగలడు?

పిడింగ్‌టన్ మాటతో ఆగలేదు. కలకత్తాకు దక్షిణాన మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని కంపెనీ ప్రభుత్వం అనుకుంటున్నప్పుడు, 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. అక్కడ కట్టొద్దు, ఏదో ఒకనాడు తుపాను తోసుకొచ్చే ఉప్పెన ఆ ఊరిని ముంచుతుంది అని హెచ్చరించాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. 1858లో ఆయన చనిపోయాడు. రేవు కట్టారు, పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరు తుపానులో అది దెబ్బతింది, తర్వాత వదిలేశారు. దీన్ని గ్రహపాటు అందామా?

ఇంగ్లీషులో కష్టానికి ఇంకా పేర్లున్నాయి, అవీ ఇలాగే చేతులు మారాయి. క్యాజువాల్టీ అంటే మొదట అనుకోకుండా జరిగినది. తర్వాత యుద్ధంలో పోయినవాళ్ళ, గాయపడ్డవాళ్ళ లెక్క. ఇవాళ మనకది పెద్దాసుపత్రిలో అర్ధరాత్రి పరుగెత్తే గది. యాక్సిడెంట్ అంటే వచ్చి మీద పడినది, మనకు మాత్రం రోడ్డు మీద గుద్దుకోవడమే. కటాస్ట్రఫీ గ్రీకు నాటకాల నుంచి వచ్చింది, కథ చివర్లో అంతా తలకిందులయ్యే ఘట్టం పేరు అది. మిస్‌హ్యాప్‌లో హ్యాప్ అంటే అదృష్టం, హ్యాపీ అనే మాటా అందులోంచే పుట్టింది.

ఇంకొకటి ఉంది, అది కోర్టులో తిరిగే మాట. యాక్ట్ ఆఫ్ గాడ్, అంటే దేవుడు చేసిన పని. సరుకు రవాణా చేసే ఓడవాళ్ళు, బండివాళ్ళు సరుకు పోతే నష్టం కట్టాలని ఇంగ్లీషు న్యాయం. కానీ దేవుడు చేసిన పని వల్ల పోతే కట్టక్కర్లేదు. మనం దైవాధీనం అంటాం చూడండి, అలాంటిదే. తేడా ఏమిటంటే మన దైవాధీనం గుండె నిబ్బరానికి, వాళ్ళది జేబు నిబ్బరానికి. జరిగినదానికి ఏ పేరు పెట్టామన్నదాన్ని బట్టి డబ్బు ఎవరు కట్టాలో తేలుతుంది. అందుకే కష్టం పేరు మీద కోర్టుల్లో అంత వాదన.

ఇక మన చట్టం సంగతి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న కారైకాల్‌లో వందల మంది పోయారు. దాదాపు ఏడాదికి, 2005 డిసెంబరులో, విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. చట్టం అన్నాక మాటకు నిర్వచనం ఇవ్వాలి కదా. డిజాస్టర్ అంటే ఏమిటో ఆ చట్టం రెండో సెక్షన్‌లో చెప్పారు. ప్రకృతి వల్ల గానీ మనుషుల వల్ల గానీ, ప్రమాదం వల్ల గానీ నిర్లక్ష్యం వల్ల గానీ జరిగి, పెద్ద ఎత్తున ప్రాణనష్టమో ఆస్తినష్టమో పర్యావరణానికి హానో చేసేది అన్నారు. అది ఆ ప్రాంతపు జనం తట్టుకునే శక్తికి మించి ఉండాలి అన్నారు. నక్షత్రం కడుపున పుట్టిన మాట నాలుగు వందల ఏళ్ళు నడిచి నడిచి, చివరికి మన పార్లమెంటులో నిర్లక్ష్యం అనే మాట పక్కన కూర్చుంది. తట్టుకునే శక్తి అన్న మాట ఇంకా ముఖ్యం. ఒకే గాలి ఒక ఊరికి డిజాస్టర్ అవుతుంది, ఇంకో ఊరికి కాదు. తేడా గాలిలో లేదు, ఊరిలో ఉంది.

ఈ కొలతతో మన సొంత అనుభవం చూద్దాం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా, మన పక్కనే తీరం దాటింది. చుట్టు చిన్నదైనా పదునైన తుపాను. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళి తిరిగి రాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళు ఈనాటికీ ఆ రాత్రిని తలుచుకుంటాయి. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. గాలి తీరం వైపు వస్తోందన్న సంగతి సముద్రంలో ఉన్న పడవకు చేరలేదు. పడవలో రేడియో లేకపోవడానికీ, ఉన్నా వినపడకపోవడానికీ శని, రాహువు కారణం కాదు.

ఆ తుపాను వచ్చిన నెల రోజులకు, 1996 డిసెంబరు 11న, తీరం పొడవునా వేసిన రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా చెరువులు తీసెయ్యమంది. తొమ్మిదేళ్ళకు పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ నిషేధాన్ని పక్కకు పెట్టింది. అది కూడా 2005లోనే. అంటే విపత్తులో నిర్లక్ష్యం ఉండొచ్చని ఒప్పుకున్న ఏడాదే, అదే పార్లమెంటు తీరానికున్న ఒక కంచెను సడలించింది. తీరానికి ఇంకో కంచె మన కోరంగి మడ అడవులు. అవి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఒడిశాకు వెళ్ళాలి. 1999 మహా తుపానులో కేంద్రపాడ జిల్లా ఊళ్ళ మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. అదే ఒడిశాలో 1999లో పదివేల మంది దాకా పోతే, 2013లో పైలిన్ తుపాను వచ్చినప్పుడు మృతుల లెక్క పదుల్లో ఆగింది. లక్షల మందిని ముందే తరలించారు, షెల్టర్లు కట్టి ఉంచారు. నక్షత్రాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మన దగ్గరా హెచ్చరికలకు లెక్కలున్నాయి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటితే యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. మన ఊరి పేరులో మెట్ట ఉంది కదా అని గోదారి ఆగదు. ఇక కాకినాడ రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదో నంబరు అంటే మహా ప్రమాదమని చాలామందికి తెలుసు. మరి పదకొండో నంబరు అంటే? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి తన అంచనాతోనే చెడ్డ తుపాను వస్తోందని తేల్చాడు అని అర్థం. వార్త తెగిపోవడానికి కూడా ఒక నంబరు పెట్టుకున్న ఆ ముందుచూపు నాకు చాలా నచ్చుతుంది. గాలి కన్నా పై నంబరు దానికి ఇచ్చారు చూడండి.

యానాంకు ఇంకో చిక్కు ఉంది. 30 చదరపు కిలోమీటర్ల ఈ నేలకు చుట్టూ ఆంధ్రప్రదేశ్. మన రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైన. బ్యారేజి గేట్లు ఒక ప్రభుత్వం చేతిలో, మనకు బియ్యం పంపే సంతకం ఇంకో ప్రభుత్వం చేతిలో. హద్దు రాయి దగ్గర ఆగి కాగితం చూపించే అలవాటు వరదకు లేదు. రెండు వైపులా ఆఫీసర్లు ఫోన్లలో మాట్లాడుకోవడం కూడా చట్టం చెప్పిన తట్టుకునే శక్తిలో భాగమే.

పేరు కోసం ఎదురుచూసే కష్టాలు ఇంకా ఉన్నాయి. కేంద్రం విపత్తు సహాయ నిధి నుంచి సాయం ఇచ్చే జాబితాలో తుపాను, వరద, కరువు, భూకంపం, సునామీ, వడగళ్ళు, చీడపీడలు లాంటివి ఉన్నాయి. వడగాడ్పు ఏళ్ళ తరబడి అందులో లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్ళు. రాష్ట్రాలు అలాంటివాటిని స్థానిక విపత్తులుగా ప్రకటించి తమ నిధిలో పది శాతం దాకా ఖర్చుపెట్టుకోవచ్చు. అంటే చనిపోయినవాడి ఇంటికి సాయం వస్తుందా రాదా అన్నది, అతన్ని చంపినదానికి జాబితాలో పేరుందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. సినిమాకు మనం తేలిగ్గా ఇచ్చేసే డిజాస్టర్ అనే బిరుదు కోసం వడదెబ్బ అన్నేళ్ళు వరసలో నిలబడింది.

ఇంత చెప్పాక గ్రహపాటు అనే మాటను తీసి గోదాట్లో కలిపెయ్యమని నేను అనను. వేటకెళ్ళిన కొడుకు తిరిగి రాని తల్లికి ఆ మాట కావాలి. ఆ రోజు ఆపి ఉంటే అని జీవితాంతం తనను తాను తినెయ్యకుండా ఆ మాటే ఆమెను నిలబెడుతుంది. ఆమె గ్రహచారం అంటే ఎవరూ ఎదురు చెప్పకూడదు. కానీ గట్టు ఎత్తు నిర్ణయించినవాళ్ళు, మడ నరకడానికి అనుమతిచ్చినవాళ్ళు, షెల్టర్ తాళంచెవి దగ్గర పెట్టుకున్నవాళ్ళు, హెచ్చరిక అందినా ముందుకు పంపనివాళ్ళు ఆ మాట అన్నప్పుడు ఊరుకోకూడదు. గ్రహపాటు అనే హక్కు నష్టపోయినవాళ్ళది, జీతం తీసుకుని కాపలా ఉన్నవాళ్ళది కాదు. ఈసారి తుపాను వెలిసిన మర్నాడు ఏ అధికారి అయినా, ఏ నాయకుడైనా మైకు ముందుకొచ్చి ఇది ప్రకృతి వైపరీత్యం, మన చేతుల్లో ఏముంది అంటే, మెట్టకూరు వాళ్ళుగా మనం రెండు ప్రశ్నలు అడగాలి. హెచ్చరిక ఎన్ని గంటలకు అందింది? అందాక మీరు ఏం చేశారు?